ఆకాశం నుంచి కబురు

బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో రెండేళ్లకొకసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది. 1996లో మొదలైన ఆ వేడుక ఇప్పుడు ఈ ఊరి పండగల్లో ఒకటయిపోయింది. టిక్కెట్టు దొరకనివాళ్లు, దొరికినా కొనడం దండగనుకునేవాళ్లు చుట్టుపక్కల మేడలెక్కి చూస్తారు. నేను రెండో రకం. ఒకసారి మా అన్నయ్య మనవణ్ణి వెంటబెట్టుకుని తెలిసినవారి డాబా ఎక్కాను. సూర్యకిరణ్ దళం విమానాలు తెల్లటి పొగ వదులుతూ వచ్చి, రెండు పాయలుగా విడిపోయి, ఆకాశంలో హృదయం బొమ్మ గీసి వెళ్లిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం ఆ బొమ్మ చెదిరి మబ్బులో కలిసిపోయేదాకా చూసి, "తాతయ్యా, అది మనకేమైనా చెప్తోందా?" అని అడిగాడు.

"చెప్పడానికేముందిరా, ఊరికే బొమ్మ గీశారు" అన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పైనున్నవాడు కిందివాడికి ఒక మాట చెప్పాలంటే ఎలా? ఇవాళయితే రేడియో ఉంది. రేడియో లేని రోజుల్లో, ఉన్నా దాని బరువు విమానం మోయలేని రోజుల్లో ఏం చేశారు? నేను కామర్సు చదువుకుని బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఫిరంగులూ విమానాలూ నా చదువులోవి కావు. అయినా తీరిక దొరికినప్పుడల్లా దొరికిన పుస్తకాలు తిరగేస్తూ పోగా, ఆ చరిత్రలో నాకు బ్యాంకులో బాగా పరిచయమైన విషయమే ఒకటి ఎదురయింది. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత అంతే.

కథ విమానాల కంటే చాలా ముందు మొదలవుతుంది. 1794 జూన్ 26న ఇప్పటి బెల్జియంలోని ఫ్లూరూస్ దగ్గర ఫ్రెంచి విప్లవ సైన్యానికీ, ఆస్ట్రియా పక్షపు సేనలకూ యుద్ధం జరిగింది. ఫ్రెంచివారు తాళ్లతో కట్టి ఉంచిన ఒక బెలూనును పైకి వదిలారు. కూతెల్ అనే అధికారి అందులో గంటల తరబడి కూర్చుని శత్రువుల కదలికలు కనిపెట్టాడు. చూసింది చీటీ మీద రాసి, సంచిలో పెట్టి, తాడు వెంబడి కిందికి జార్చేవాడు. ఆ తర్వాత 67 ఏళ్లకు, 1861 జూన్ 18న అమెరికా అంతర్యుద్ధం తొలి రోజుల్లో, థడియస్ లో అనే ఆయన వాషింగ్టన్‌లో సుమారు 500 అడుగుల ఎత్తున బెలూనులో ఉండి అధ్యక్షుడు లింకన్‌కు తంతి పంపాడు. తంతి తీగె కూడా బెలూను తాడు వెంటనే కిందికి దిగింది. ఆ సెప్టెంబరులో ఆయన పైనుంచి చూసి చెబుతుంటే, తమ కంటికి కనబడని శత్రువు మీదికి కిందివాళ్లు ఫిరంగులు పేల్చారు.

ఈ ఇద్దరికీ ఉన్న సౌకర్యం ఒకటే, తాడు. తాడున్నంతకాలం చీటీ దిగుతుంది, తీగె దిగుతుంది. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన యంత్రానికి ఆ తాడు లేదు. అది ఎక్కడికైనా పోగలదు, ఏమైనా చూడగలదు. చూసింది చెప్పాలంటే మాత్రం తిరిగొచ్చి దిగాల్సిందే. దిగేలోగా చూసిన సంగతి పాతబడిపోతుంది. 1912 నవంబరులో అమెరికా సైన్యం కాన్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్ రైలీలో ఈ చిక్కు మీదే ప్రయోగాలు చేసింది. పైనుంచి కార్డులు జారవిడిచి చూశారు, పొగతో సైగలు చేసి చూశారు, రేడియో కూడా పెట్టి చూశారు. వాటిలో పాల్గొన్న హెన్రీ ఆర్నాల్డ్ అనే కుర్ర లెఫ్టినెంటు రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా వాయుసేన మొత్తానికి అధిపతి అయ్యాడు.

ఆ రోజుల్లో వైమానికులకు దొరికిన వాటిలో నమ్మకమైన సాధనం సముద్రం మీంచి వచ్చింది. దాని వెనక ఒక వితంతువు కథ ఉంది. మార్తా కాస్టన్ భర్త అమెరికా నౌకాదళంలో పనిచేసి, రాత్రివేళ ఓడలు రంగు మంటలతో మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఊహించి, అది పూర్తికాకుండానే 1848లో చనిపోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు, నలుగురు పిల్లలు. భర్త వదిలిపోయిన కాగితాల్లో ఆలోచన ఉంది గానీ వెలిగే మందు లేదు. పదేళ్లు రసాయనాల వాళ్ల చుట్టూ, బాణసంచా వాళ్ల చుట్టూ తిరిగింది. తెలుపు, ఎరుపు కుదిరాయి. మూడో రంగు కావాలి, దూరానికి కూడా మిగతా రెంటితో కలిసిపోకూడదు. 1858లో అట్లాంటిక్ అడుగున తంతి తీగె వేసిన సందర్భంలో న్యూయార్కులో కాల్చిన బాణసంచా చూశాక, ఆ దారిలో వెళ్లి ఆకుపచ్చ సాధించింది. 1859లో పేటెంటు వచ్చింది, కనిపెట్టినవాడుగా అందులో ఉన్నది మాత్రం చనిపోయిన భర్త పేరు. నౌకాదళానికి హక్కులు అమ్మడానికి ఆమె 40,000 డాలర్లు అడిగితే 1861లో ఇచ్చింది 20,000. తన పేరు మీద పేటెంటు తీసుకోవడానికి 1871 దాకా ఆగాల్సి వచ్చింది. లెక్కలు చూసే వృత్తిలో ఉన్నవాణ్ణి గనక ఈ బేరం దగ్గర కాసేపు ఆగిపోయాను.

కాస్టన్ దీపాలు చేత్తో పట్టుకుని వెలిగించేవి. 1877లో అమెరికా నౌకాదళ లెఫ్టినెంటు ఎడ్వర్డ్ వెరీ రంగు నక్షత్రాలను పిస్తోలులోంచి ఆకాశంలోకి పేల్చే పద్ధతి తెచ్చాడు. మన దీపావళి మతాబా వెలుగును తూటాలో పెట్టి పైకి కొట్టినట్టన్నమాట. ఒక చేత్తో పేల్చవచ్చు, బరువు తక్కువ, తీగెలక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వైమానికుడి పక్కన ఆ పిస్తోలు చేరింది.

1914లో ఫ్రాన్సులో విమానం పని ఇలా సాగేది. పరిశీలకుడు శత్రు ఫిరంగి ఎక్కడుందో వెతికి, సరిగ్గా దాని నెత్తిన ఎగురుతున్నప్పుడు ఒక రంగు వెలుగు పేల్చేవాడు. కిందివాళ్లు ఆ దిక్కూ దూరమూ కొలుచుకుని గుండు వేసేవారు. గుండు పడిన చోటు చూసి మళ్లీ ముందే అనుకున్న వెలుగేదో పేల్చేవాడు. నాలుగు రంగులతో నాలుగు మాటలు చెప్పవచ్చు. కాస్త దగ్గరగా, కొంచెం ఎడమకు, ఇంకో వంద గజాలు అని చెప్పాలంటే ఆ వెలుగులకు చేతకాదు.

ఆ ఇబ్బంది తీర్చింది రేడియో. దాంతో పాటు వచ్చిన చిన్న ఊహ ఒకటి రేడియోకు తీసిపోనిది. డొనాల్డ్ లూయిస్, బారన్ జేమ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వైమానికులు 1914 సెప్టెంబరులో ఎన్ నది యుద్ధంలో విమానాల్లోంచి రేడియో తంతి ద్వారా ఫిరంగులకు గురి చెప్పారు. తర్వాత లూయిస్ 'గడియారం' పద్ధతి తయారుచేశాడు. శత్రు ఫిరంగిని గడియారం నడిమధ్య పెట్టుకోవాలి. 12 అంకె ఎప్పుడూ ఉత్తరం. చుట్టూ 10 గజాల నుంచి 500 గజాల దాకా వలయాలు, ఒక్కో వలయానికి ఒక్కో అక్షరం. సి అంటే 200 గజాలు. కనుక 'సి 3' అంటే గుండు లక్ష్యానికి తూర్పున 200 గజాల అవతల పడిందని. ఒక అక్షరం, ఒక అంకె చాలు. అయితే ఆ రేడియో చెప్పగలదే గాని వినలేదు. అందుకని కిందివాళ్లు నేల మీద తెల్లగుడ్డ పట్టీలు పరిచి జవాబు చెప్పేవారు. పైవాడు చెవికి చెబుతాడు, కిందివాడు కంటికి చెబుతాడు.

ఫిరంగులతో మాట్లాడటం ఒక ఎత్తు, పదాతి దళంతో మాట్లాడటం ఇంకో ఎత్తు. కందకాల్లోంచి లేచి ముందుకెళ్లిన సిపాయిలు ఎంతదాకా వెళ్లారో వెనకున్న సేనానికి తెలిసేది కాదు. ఫోను తీగెలు గుండ్లకు తెగిపోయేవి, వార్తాహరులు దారిలో చచ్చిపోయేవారు. అందుకని తక్కువ ఎత్తున ఎగురుతూ మనవాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టే విమానాలు పెట్టారు. విమానం పైనుంచి క్లాక్సన్ హారన్ మోగించగానే కిందివాళ్లు మంటలు వెలిగించాలి. అదీ ఒప్పందం. 1916 జూలై 1న సోమ్ నది దగ్గర పెద్ద దాడి మొదలైన రోజున ఈ పని చేసినవాళ్లలో సెసిల్ లూయిస్ ఒకడు, అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు. హారన్ ఎంత మోగించినా కింద వెలిగిన మంటలు అతి తక్కువ. వెలిగించాల్సినవాళ్లలో చాలామంది అప్పటికే పడిపోయారు. బతికున్నవాళ్లకు మరో భయం. మంట పైనున్న మనవాడికే కాదు, ఎదురుగా ఉన్న శత్రువుకూ కనబడుతుంది.

అదే రోజున బోమోఁ హామెల్ అనే పల్లె దగ్గర జరిగింది చదివాక నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. అక్కడ 29వ డివిజను ఉదయం ఏడున్నరకు దాడి చేసింది. ముందు వెళ్లినవారు ఏమయ్యారో పొగలో తెలియలేదు. అంతలో శత్రువు వైపు నుంచి ఒక తెల్లని వెలుగు లేచింది. తెల్లని వెలుగంటే మొదటి లక్ష్యం చేరామని తమవాళ్లు పెట్టుకున్న గుర్తు. దళాధిపతి అది చూసి, దారి దొరికిందనుకుని, వెనకున్న దళాలను పంపమన్నాడు. నిజానికి జర్మన్లకూ తెల్ల వెలుగుతో ఒక గుర్తుంది. మన గుండ్లు ముందే పడుతున్నాయి, దూరం పెంచండి అని వాళ్ల ఫిరంగులకు చెప్పుకునే గుర్తు. వెలుగు ఒకటే, భాషలు రెండు.

ఆ ఆజ్ఞతో తొమ్మిదింబావుకు కదిలిన దళాల్లో న్యూఫౌండ్లాండ్ ద్వీపపు రెజిమెంటు ఒకటి. అట్లాంటిక్ అవతలి చేపల రేవుల నుంచి వచ్చిన కుర్రాళ్లు, సుమారు 800 మంది. పైనున్నవారికి కనబడాలని వాళ్ల వీపుల మీద రేకు త్రికోణాలు కట్టారు. అవి ఎండకు మెరిసి శత్రువుకూ కనబడ్డాయి. అరగంటలో అంతా అయిపోయింది. 324 మంది చనిపోయారు లేదా మళ్లీ కనబడలేదు, 386 మంది గాయపడ్డారు. మర్నాడు పేర్లు పిలిస్తే పలికినవారు 68 మంది. ఆ ద్వీపం 1949లో కెనడాలో కలిసింది. జూలై 1 కెనడా దేశమంతటికీ పండగరోజు. న్యూఫౌండ్లాండ్ వారికి మాత్రం అది ముందుగా చనిపోయినవారిని తలుచుకునే రోజు.

ఇక్కడే నాకు నా బ్యాంకు గుర్తొచ్చింది. 1992లో నేను ఉద్యోగంలో చేరింది కోలారు జిల్లాలో ఒక చిన్న ఊరి శాఖలో. అప్పట్లో డబ్బు తొందరగా పంపాలంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, టీటీ అనేవాళ్లం. పైశాఖ నుంచి తంతి వస్తుంది. అందులో పేరు, మొత్తం, వాటితో పాటు ఒక గుర్తు అంకె ఉంటుంది. తేదీ, మొత్తం, శాఖ నంబరు, ఇవన్నీ కోడు పుస్తకం ప్రకారం కూడితే వచ్చే అంకె అది. ఆ పుస్తకం ఇద్దరు అధికారుల తాళాల కింద ఇనప్పెట్టెలో ఉండేది. మేము ఇక్కడ కూడిన అంకె, అక్కడ వాళ్లు వేసిన అంకె ఒకటైతేనే డబ్బివ్వాలి.

ఒకరోజు మధ్యాహ్నం మద్రాసు నుంచి ఒక టీటీ వచ్చింది. పుచ్చుకోవాల్సిన ఆయన పొద్దుటి నుంచి కౌంటరు దగ్గరే ఉన్నాడు. కొడుక్కి మర్నాడు ఆపరేషను, అన్నగారు డబ్బు పంపాడు. పేరు సరిపోయింది, మొత్తం సరిపోయింది, అంకె మాత్రం కలవలేదు. మూడుసార్లు కూడాను. మేనేజరు గారు ఇవ్వడానికి వీల్లేదన్నారు. నాకు కోపమొచ్చింది. "సార్, ఎదురుగా మనిషున్నాడు, కాగితంలో పేరుంది, ఇంకేం కావాలి?" అన్నాను. ఆయన నిదానంగా, "కాగితం చెప్పింది నిజమే కావచ్చునయ్యా. అది ఎవరు చెప్పారో కాగితం చెప్పడం లేదు" అన్నారు. ట్రంకు కాల్ దొరికేసరికి కౌంటరు మూసేసే వేళ దాటింది. దారిలో ఎక్కడో ఒక అంకె మారింది. డబ్బు మర్నాడు పొద్దున్నే ఇచ్చాము, ఆపరేషను ఒక పూట ఆలస్యంగా జరిగింది. పిల్లవాడు కోలుకున్నాడు గానీ, ఆ రాత్రంతా ఆయన మా బ్యాంకు మెట్ల మీద కూర్చున్న సంగతి నేనింకా మరిచిపోలేదు.

సరిచూసుకోవడానికి ఖరీదుందని ఆ రాత్రి తెలిసింది. సరిచూసుకోకపోతే ఉండే ఖరీదెంతో చాలా ఏళ్ల తర్వాత బోమోఁ హామెల్ కథ చదివితే తెలిసింది. కాస్టన్, వెరీ, ఇంకా ఎందరో వెలుగును ప్రకాశవంతం చేశారు, దూరానికి పంపారు, రంగులు పెంచారు. సంకేతంలో సగం పని అదే. రెండో సగం, ఇది మనవాడు పంపిందేనా అన్నది. ఆ తెల్ల వెలుగు మాట మోసుకొచ్చింది, గుర్తు అంకె లేకుండా వచ్చింది. మా మేనేజరు గారైతే దాని మీద 800 మందిని పంపి ఉండరు.

తర్వాత ఆ గుర్తు అంకె కూడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమానాలు తమ తీరానికి తిరిగొస్తూ 'ఇవాళ్టి రంగులు' పేల్చేవి. ఏ రంగుల జంట పేల్చాలన్నది ముందే నిర్ణయించి, కొన్ని గంటలకొకసారి మార్చేసేవారు. నిన్నటి రంగులు ఇవాళ పేలిస్తే సొంత ఫిరంగులే పైకి గురిపెట్టేవి. వెలుగు వెరీదే. దానికి ఇనప్పెట్టెలోని కోడు పుస్తకం తోడైంది.

మన దేశానికి ఈ విద్య వాయవ్య సరిహద్దు కొండల ద్వారా వచ్చింది. 1918 నాటి పోఫమ్ ప్యానెల్ అనే గుడ్డ పరిచే పద్ధతి అక్కడ 1920లు, 30లలో బాగా వాడుకలో ఉండేది. టి ఆకారంలో పెద్ద గుడ్డ ఒకటి, దాని పక్కన చిన్న పట్టీలు. పట్టీలు పెట్టే చోటును బట్టి మందుగుండు కావాలనో, ఇంకేదో కావాలనో పైనున్న విమానం చదువుకునేది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగు వాపిటీ విమానాలతో మొదలైన భారత వాయుసేన తొలి దళానికి సైన్యంతో కలిసి చేసే ఇలాంటి పనే అప్పగించారు. రెండు కర్రల మధ్య తాడు కట్టి దానికి చీటీ సంచి వేలాడదీస్తే, విమానం కిందికి వచ్చి కొక్కెంతో తగిలించుకుపోయేది. ఫ్లూరూస్‌లో తాడు వెంట దిగిన చీటీ, ఇక్కడ తాడుతో సహా పైకెళ్లింది.

ఇక పొగ సంగతి. మా వాడి ప్రశ్న దాని గురించే కదా. విమానపు పొగతో ఆకాశంలో అక్షరాలు రాయడం వ్యాపారంగా మార్చింది ఇంగ్లండులో మేజర్ జాన్ సావేజ్. వేడి గొట్టంలోకి నూనె వదిలితే దట్టమైన తెల్ల పొగ వస్తుంది. 1922 మేలో డెర్బీ గుర్రప్పందాల రోజున ఆయన పైలెట్ సిరిల్ టర్నర్ 'డైలీ మెయిల్' అని పత్రిక పేరు రాశాడు. నవంబరులో న్యూయార్కు మీద ఒక హోటలు టెలిఫోను నంబరు రాస్తే, ఆ హోటలుకు వేలకొద్దీ ఫోన్లు వచ్చాయి. పైలెట్ అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి, చదివేవాడు కింద ఉన్నాడు గనక. చదివేవాడి వైపు నుంచి రాయడం అన్నమాట.

ఇదంతా మా వాడికి వాడికి తెలిసేటట్టు చెప్పాను. బెంగళూరు బళ్లో వాడికి తెలుగు లేదు. ఇంట్లో నాయనమ్మ దగ్గర పలక మీద దిద్దుతున్నాడు, గుణింతాలదాకా వచ్చాడు. కాసేపు ఆలోచించి, "తాతయ్యా, తెలుగులో రాస్తే సుళువు కదా? మన అక్షరాలు గుండ్రం, విమానం తిరుగుతూ రాసెయ్యొచ్చు" అన్నాడు. నిజమే, ఆ మాట నాకు తోచలేదు. "రాసెయ్యొచ్చురా, చదివేవాళ్లు కింద ఉండాలి మరి" అన్నాను. "నేనున్నాగా" అన్నాడు.

నేటి విమానాశ్రయాల్లోనూ రేడియో మూగబోయిన విమానానికి టవర్ దీపంతో చెబుతారు. నిలకడగా వెలిగే ఆకుపచ్చ అయితే దిగవచ్చు, నిలకడగా ఉండే ఎరుపయితే దారి ఇచ్చి చుట్టూ తిరుగుతుండాలి. అర్థమైందని పగటిపూట పైలెట్ చెప్పాల్సిన పద్ధతి ఒకటే, రెక్కలు అటూ ఇటూ ఊపడం. ఇన్ని యంత్రాల తర్వాత కూడా చివరి ఆసరాగా మిగిలింది ఈ రెండే. ఒక దీపం, దానికి జవాబుగా ఒక ఊపు. ఇద్దరూ అదే పాఠం ముందుగా చదువుకుని ఉంటే చాలు.

ఆ సాయంత్రం డాబా మీంచి చూస్తుంటే ఊరి మీదుగా ఏదో విమానం వెళ్లింది. మా వాడు రెండు చేతులూ బారగా చాపి అటూ ఇటూ ఊపాడు. అది మామూలుగానే పోయింది. వాడికేం నిరాశ కలగలేదు. "వాళ్లు చూసి ఉండరు" అని, పలక తెచ్చుకుని దిద్దుకోవడం మొదలుపెట్టాడు.